మన ఇంట్లో చేసినట్టే

పోయిన నెల ఒక సాయంత్రం మా వీధి చివరి ఇంటామె తన కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె పదహారేళ్లు కువైట్‌లో ఉండి, మోకాళ్లు అరిగాక రెండేళ్ల క్రితం తిరిగి వచ్చేసింది. ఇప్పుడు కోడలి వంతు. కోడలి చేతిలో మందుల షాపు కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన రెండు కాగితాలు.

"అన్నా, మీరు కూడా ఆ దేశంలో ఉండి వచ్చినవాళ్లే కదా. అన్నీ సరిగ్గా ఉన్నాయేమో ఒకసారి చూడండి" అంది అత్త.

కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఒకటి దుబాయ్ విజిట్ వీసా. రెండోది కువైట్‌ది, ఇరవై నంబరు, ఇంటి పని వీసా. మా రాజంపేట వైపు చిన్న పిల్లలకు కూడా ఆ నంబరు అర్థం తెలుసు.

కోడలు నన్ను ఒకే మాట అడిగింది. "అక్కడ పని ఎలా ఉంటుంది మామా?"

నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "ఏముంటుంది? ఇంటి పనే. మన ఇంట్లో చేసినట్టే."

నేను తల ఊపాను. అంతే. కాఫీలు తాగి వెళ్లిపోయారు. గ్లాసులు తీస్తూ నా భార్య అంది: "పదమూడేళ్లు ఉండి వచ్చింది తల ఊపడానికా మీరు?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రాజంపేట, రాయచోటి, కోడూరు ప్రాంతాల్లో కువైట్ మోసాల మాట వస్తే తిట్లన్నీ ఏజెంటుకే పడతాయి. పడాల్సినవే, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఏజెంటును మా ఊళ్లో ఎవరూ పూర్తిగా నమ్మరు. వాడి మాట విని ఇంటికొచ్చి, ఆ దేశం చూసి వచ్చిన అత్తనో పిన్నినో అన్ననో అడుగుతారు. వీళ్లు తల ఊపితే పాస్‌పోర్టు తీసుకుని బయలుదేరతారు. వాడు సగం అబద్ధం చెబితే మిగిలిన సగం మేమే పూర్తి చేస్తున్నాం. అదీ నోరు మెదపకుండా.

కుర్చీ ఫోటో

ముందు నా సంగతి చెప్పాలి. 1998లో నేను వెళ్లినప్పుడు దినార్‌కు నూట ముప్పై రూపాయల పైమాట. సరుకులు పంపిణీ చేసే ఒక కంపెనీలో పని. ఇంట్లో "స్టోర్స్‌లో ఉద్యోగం" అని చెప్పాను. మాటవరసకు అది నిజమే. కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టిన కోళ్ల పెట్టెలు మోసే ఉద్యోగం. బయట నలభై అయిదు డిగ్రీలు, లోపల సున్నాకు కింద పద్దెనిమిది. లోపల పది నిమిషాలు తిరిగితే మీసం మీద మంచు పట్టేది. బయటికి రాగానే అది కరిగి ఉప్పగా నోట్లోకి కారేది. చేతి తొడుగులు ఇచ్చారు గానీ, జత తడిస్తే ఆరేవరకు రెండో జత ఉండదు.

ఒక శుక్రవారం ఆఫీసు మూసి ఉన్నప్పుడు, టీ ఇచ్చే మలయాళీ కుర్రవాడు మేనేజరు గది తాళం తీశాడు. ఆయన కుర్చీలో కూర్చుని, చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని, ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఫోటో తీయించుకున్నాను. సెలవు రోజు ఆ ఫోను ఎత్తితే పలికేది వాచ్‌మన్ ఒక్కడే. మా నాయన ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి "మావాడు ఫోనులో దేశదేశాలతో మాట్లాడుతుంటాడు" అనేవాడట.

ఆరో ఏట నేను నిజంగానే గుమాస్తానయ్యాను. కానీ గుమాస్తాగా దిగిన ఫోటో మాత్రం ఇంటికి పంపలేదు. ఊళ్లో అప్పటికే మేనేజరు హోదాలో ఉన్నవాడిని, గుమాస్తా బల్ల ముందు కనిపిస్తే దిగజారినట్టు ఉంటుందని.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 2001లో మా వీధి కుర్రవాడొకడు ఆ ఫోటో చూసి, "అన్న చేసే ఉద్యోగమే" కావాలని పట్టుబట్టి అదే కంపెనీకి వచ్చాడు. నేను ఉత్తరంలో "పని కొంచెం కష్టం" అని మాత్రం రాశాను. మొదటి రోజు కోల్డ్ స్టోరేజీ తలుపు దగ్గర నన్ను చూశాడు. నా చేతుల్లో పెట్టె ఉంది. వాడు ఏమీ అనలేదు. నెల తరువాత ఒక శుక్రవారం నా గదికి వచ్చి నెమ్మదిగా అడిగాడు: "అన్నా, ఆ కుర్చీ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

వాడికీ ఫోటో కావాలి.

క్యాసెట్టులో వినిపించిన పేరు

మాది ఈ విద్యలో రెండో తరం. మా పెద్దమ్మ 1984లో బొంబాయి మీదుగా కువైట్ వెళ్లింది. ఆమెకు చదువు రాదు. ఇంటి నుంచి ఉత్తరాలు రాసేది నేనే. "ఇచట మేమందరము క్షేమము, అచట నీవును క్షేమమని తలుస్తాము" అన్న వాక్యం దాటితే తరువాత ఏం రాయాలో ఎవరికీ తెలిసేది కాదు. గేదె ఈనింది, అప్పులవాడు వచ్చిపోయాడు, డ్రాఫ్టు అందింది. అటు నుంచి వచ్చే ఉత్తరాలు ఎవరో రాసిపెట్టేవి, వాటిలోనూ ఆమె ఎప్పుడూ క్షేమమే.

తరువాత క్యాసెట్లు వచ్చాయి. ఊరికి వస్తున్న వాళ్ల చేతికిచ్చి, గొడ్డలి గుర్తు తైలం సీసాలతో, పాలపొడి డబ్బాలతో పాటు పంపేది. 1986లో వచ్చిన క్యాసెట్టు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పెద్దమ్మ మాట్లాడుతోంది, పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పి అడుగుతోంది. మధ్యలో దూరం నుంచి ఒక ఆడగొంతు "మరియం" అని అరిచింది. పెద్దమ్మ వెంటనే "ఆ, మామా" అంది. టక్కున ఆగిపోయింది. మళ్లీ మొదలైనప్పుడు గొంతు మారిపోయి ఉంది, కొంచెం రొప్పుతూ.

నేను వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. మరియం ఎవరు, మామా ఎవరు అని అడిగాను. మనకు మామ అంటే మేనమామ. అక్కడ యజమానురాలిని అలా పిలుస్తారని, మన పేరు నోరు తిరగకపోతే వాళ్లే ఒక పేరు పెట్టుకుంటారని పెదనాన్న చెప్పాడు. మూడోసారి పెట్టబోతే రేడియో కట్టేశాడు. ఆ క్యాసెట్టు మీద తరువాత సినిమా పాటలు ఎక్కించారు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. పెద్దమ్మ బస్సులో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, ఎడారిలో డేరాల్లో ఉండి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయికి వచ్చింది. ఆ రెండు నెలల్లో అలా వచ్చిన మనవాళ్లు లక్షన్నరకు పైగా ఉన్నారు. బొంబాయి నుంచి మద్రాసు రైల్లో రాజంపేటలో దిగినప్పుడు ఆమె చేతిలో ఒక దుప్పటి తప్ప ఏమీ లేదు.

ఆ కథ పెద్దమ్మ చనిపోయేదాకా చెప్పింది. ట్యాంకులు ఎలా వచ్చాయో, రొట్టె కోసం ఎంత దూరం వరుస కట్టారో, డేరాలో పక్కన ఎవరు పడుకున్నారో, విమానంలో పెరుగన్నం పెడితే ఎవరు ఏడ్చారో, అన్నీ. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పింది. కానీ ఆ యుద్ధానికి ముందు ఆరేళ్లు ఆమె ఏ ఇంట్లో, ఎన్ని గంటలకు లేచి, ఎవరి బట్టలు ఉతికిందో, ఎవరు ఆమెను మరియం అని పిలిచారో ఒక్కసారైనా చెప్పగా నేను వినలేదు. యుద్ధం అందరి మీదా పడుతుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. అంట్లు ఆమె ఒక్కదాని మీదే పడ్డాయి.

మేమూ అంతే. కువైట్ ఎండ గురించి ఎంతైనా చెబుతాం. 2016 జూలైలో అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైనప్పుడు మా ఊళ్లో తిరిగి వచ్చిన ప్రతివాడూ వారం రోజులు నిపుణుడే. ఇసుక తుపాన్లు, దినార్ రేటు, బంగారం ధర, మనవాళ్లు కలుసుకునే మాలియా పేటలో శుక్రవారం సాయంత్రాలు. పని మాట వచ్చేసరికి అందరిదీ ఒకే జవాబు: "ఏదో, జరిగిపోయింది."

అత్త వైపు న్యాయం

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. కోడలు నీళ్లకు వెళ్లింది. "నిన్న మీరు అన్నది నిజమేనా అక్కా, మన ఇంట్లో చేసినట్టేనా?" అని అడిగాను. నాకంటే నాలుగేళ్లు చిన్నదే అయినా ఆ వేళ అక్కా అనాలనిపించింది.

చాలాసేపు గింజలు తీస్తూనే ఉంది. తరువాత అంది: "నేను అక్కడ ఎలా ఉన్నానో తెలిస్తే నా కొడుకు ఇక్కడ అన్నం తినేవాడా అన్నా?"

నేను ఏదో వాదిద్దామని వెళ్లాను. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఇమోలో వీడియో కాల్ చేసే ముందు ఆమె ముఖం కడుక్కుని, వేరే చీర చుట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునేదట. వెనక ఇస్త్రీ బట్టల గుట్ట కనబడకూడదు. "పదిహేను నిమిషాలు మాట్లాడేదాన్ని. ఆ పదిహేను నిమిషాలు నేను వాళ్లమ్మను. చెప్పుకుంటే అవి కూడా పోతాయి."

ఇదీ అవతలి పక్షం, నా వాదనకంటే బలంగానే ఉంది. చెప్పకపోవడాన్ని అబద్ధం అనడం తేలిక. దూరాన ఉన్న మనిషికి మిగిలిన మర్యాద అదొక్కటే అయితే, దాన్నీ లాక్కోవాలా?

ఇంకో చిక్కు ఉంది. చెప్పడం మొదలుపెడితే మనకు వచ్చేది ఒకే బాణీ. ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఒక ఆడమనిషి ఏడుస్తూ "నన్ను కాపాడండి" అంటుంది. ఆ ఏడుపు నిజమే. దానికి పక్కనే కువైట్ డబ్బుతో కట్టిన పాలరాతి మేడ కూడా నిజమే. మనకు ఈ రెండు కథలే తెలుసు. ఈ అత్త పదహారేళ్లలో రెండిళ్లు చూసింది. మొదటి ఇంట్లో ఐదు నెలలు జీతం ఇవ్వలేదు. రెండో ఇంట్లో ముసలామె, ఈమెకు జ్వరం వస్తే పక్కన కూర్చుని గంజిలాంటిదేదో తాగించింది, కూతురి పెళ్లికి రెండు నెలల జీతం ఎక్కువ ఇచ్చింది. రంజాన్‌లో ఆ ఇంటి దివానియాకు, అంటే అతిథులు కూర్చునే చావడికి, నలభై మంది వస్తే అందరికీ వండింది ఈమె ఒక్కతే. మాంసం, అన్నం ఒకే దేగిసాలో ఎసరు తప్పకుండా దించే చేయి ఆమెది. ఈ సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఇక్కడ ఆ వంట చేయలేదు. ఎందుకని అడిగితే, "చేస్తే ఎక్కడ నేర్చుకున్నావంటారు" అంది.

నాకు గట్టిగా తగిలిన మాట అదే. దాచిపెట్టేది అవమానాన్ని ఒక్కదాన్నే అనుకున్నాను. దానితో పాటు పనితనం కూడా మూటలో పోయింది. నలభై మందికి వండగలిగిన మనిషి, మంచం పట్టిన ముసలామెను ఏడేళ్లు చూసుకున్న మనిషి "ఇంటి పనే, ఏముంది" అంటుంటే, ఆ పనికి ధర కట్టేవాడు కూడా ఏముంది అనే అంటాడు.

కాగితంలో ఉన్నది, లేనిది

ఇక ఆ రెండు కాగితాలు. ఇరవై నంబరు అంటే ఇంటి వీసా, పద్దెనిమిది అంటే కంపెనీ వీసా. నాలాంటి పద్దెనిమిది నంబరువాడికి 2010 నాటి కార్మిక చట్టం ఉంది. ఇంటి పనివాళ్లను దానిలో కలపలేదు. వాళ్లకు వేరే చట్టం వచ్చేసరికి 2015 అయింది, అది 68వ నంబరు చట్టం. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు. వారానికి ఒక రోజు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. మానేసి వచ్చేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. మనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లని ఉత్తర్వు కూడా వచ్చింది. ఇప్పటి లెక్కలో పదహారు వేల రూపాయల పైన.

ఇదంతా అత్తకు చెబితే గింజలు వదిలేసి నవ్వింది. ఆ చట్టం వచ్చినప్పుడు ఆమె అక్కడే ఉంది. "ఈ సంగతి మా మామాకు ఎవరైనా చెప్పారా అన్నా?"

నిజమే. ఆ ఇంటి లోపలికి వెళ్లి గడియారం చూసే అధికారి ఎవరు? అయినా, చట్టం ఉందని తెలిసిన మనిషి అడిగే తీరు వేరు, తెలియని మనిషి బతిమాలే తీరు వేరు. మొదటి ఇంట్లో ఐదు నెలల జీతం పోయినప్పుడు, మన రాయబార కార్యాలయంలో ఇంటి పనివాళ్లకు ఆశ్రయం ఉందని ఈమెకు తెలియదు. ఆ మాట చెప్పగలిగినవాళ్లు మా వీధిలోనే నలుగురు ఉన్నారు. అందరూ సెలవులకు వచ్చి బిర్యానీలు తిని, "ఏదో, జరుగుతోంది" అని వెళ్లినవాళ్లే.

కోడలి విషయంలో ఇంకో ముడి ఉంది. ఆమె పదో తరగతి తప్పింది, వయసు 27. పది పాస్ కానివాళ్లు కువైట్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. ఆడవాళ్లకు 30 నిండకపోతే ఆ అనుమతి రాదు. నిండినా ఇంటి పనికి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి, ప్రైవేటు ఏజెంటు పంపకూడదు. అందుకే ముందు దుబాయ్ విజిట్ వీసా, అక్కడి నుంచి కువైట్. విమానాశ్రయంలో అడిగితే "చూసి రావడానికి" అని చెప్పమని ఏజెంటు నేర్పాడు. ఆమె ఆ మాట నాకు అప్పగించింది కూడా, బడిలో పద్యం అప్పగించినట్టు. అలా వెళితే ప్రభుత్వ లెక్కల్లో ఆమె దుబాయ్ చూడటానికి వెళ్లిన యాత్రికురాలు. ఒప్పందం ఎక్కడా నమోదు కాదు. అనుమతితో వెళ్లేవాళ్లకు తప్పనిసరిగా చేయించే 10 లక్షల ప్రవాసీ బీమా ఉండదు.

"మూడేళ్లు ఆగి నేరుగా వెళ్లు" అని చెప్పడం నాకు సులభం. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు చెయ్యేరు ఒడ్డున వాళ్లకున్న ఎకరన్నర మీద ఇసుక మేట వేసింది. దాన్ని ఎత్తించడానికి చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ నడుస్తోంది. అప్పులవాడు ముప్పై నిండేదాకా ఆగడు. రక్షణ కోసమే పెట్టిన వయసు నిబంధన ఈ అమ్మాయిని ఏ కాగితమూ లేని దొడ్డిదారిలోకి తోసింది. నిబంధన తీసేయాలా అంటే అదీ గట్టిగా చెప్పలేను. ఇరవై రెండేళ్ల పిల్లలను పంపే ఇళ్లు కూడా నాకు తెలుసు.

ఏం చేయాలో తేల్చే హక్కు నాది కాదు. కానీ అది తేల్చుకోవాల్సిన మనిషి మా ఇంటికి వచ్చి అడిగింది. నేను తల ఊపాను.

ఆదివారం

ఆదివారం రమ్మన్నాను. అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు. కోడలు పిల్లవాడి నోటు పుస్తకం తెచ్చుకుంది, వెనక పేజీల్లో రాసుకోవడానికి. అత్త గడప దగ్గరే కూర్చుంది, గోడకు ఆనుకుని.

మొదట గోడ మీద ఫోటో చూపించి ఆ కుర్చీ ఎవరిదో చెప్పాను. కోళ్ల పెట్టెల సంగతి, మీసం మీద మంచు సంగతి చెప్పాను. మా నాయన ఉన్నప్పుడు చెప్పి ఉంటే బాగుండేదో లేదో తెలియదు. అత్త నవ్వింది. నా భార్య నవ్వలేదు, ఆమెకూ అది కొత్త సంగతే. ఇరవై ఆరేళ్లుగా ఆ ఫ్రేము తుడుస్తున్నది ఆమె.

తరువాత పుస్తకంలో రాయించడం మొదలుపెట్టాను. దుబాయ్ కాగితం పట్టుకుని బయలుదేరితే ఏమేమి పోతాయో ముందు రాయించాను. పాస్‌పోర్టు, వీసా నకళ్లు రెండు చోట్ల దాచాలి. రాయబార కార్యాలయం నంబరు ఫోనులో కాకుండా కంఠతా ఉండాలి. జీతం ముట్టినట్టు సంతకం అడిగితే డబ్బు లెక్కపెట్టుకున్నాకే చేయాలి. 68వ నంబరు చట్టం. 12 గంటలు. వారానికొక రోజు సెలవు.

కోడలు బుద్ధిగా రాస్తోంది. అత్త అంతసేపు విని విని, గడప దగ్గర నుంచి లోపలికి జరిగింది.

"ఆయన కంపెనీ మనిషి, ఆయనకు ఇంటి పని ఏం తెలుసు? అవన్నీ రాసుకో, మంచిదే. ఇప్పుడు నేను చెప్పేది రాయి. వెళ్లే ముందే ఏజెంటును అడుగు, ఆ ఇంట్లో మనుషులు ఎంతమంది, మెట్లు ఎన్ని, బాత్రూములు ఎన్ని. జీతం తరువాత అడుగు."

కోడలు తలెత్తి చూసింది. "మీ ఇంట్లో ఎన్ని అత్తా?"

"తొమ్మిది" అంది.